గాలికుంటు టీకా: బీఈఐ గ్రాఫ్ చివర్లో చదునవుతోంది, 146ఎస్ దాదాపు సగానికి పడిపోతోంది

వెట్‌మైక్రో_పీజీ:

గాలికుంటు వ్యాధికి ఇనాక్టివేటెడ్ (చంపిన వైరస్) టీకా, వైరస్ రకం 'ఓ' సీరోటైప్. హై కంటెయిన్‌మెంట్ ల్యాబ్‌లో 20 లీటర్ల పైలట్ బ్యాచ్‌లు. బీహెచ్‌కే-21 సెల్స్ సస్పెన్షన్ కల్చర్ హార్వెస్ట్ టైటర్ మి.లీ.కి సుమారు 10⁸ సజీవ వైరస్ కణాలు. వైరస్‌ను చంపే బీఈఐ (బైనరీ ఇథిలీనిమైన్) 1 మిల్లీమోలార్, 26 డిగ్రీల సెల్సియస్. మొదటి 6 గంటలు గంటకు ఒక లాగ్ (పదో వంతుకు తగ్గడం) చొప్పున చక్కగా దిగి 10² దగ్గరికి వస్తుంది. అక్కడి నుంచి గీత వంగిపోతుంది. 8వ గంట శాంపిల్‌లో ఇంకా మి.లీ.కి 40 ప్లాక్‌లు (సజీవ వైరస్ సెల్స్ పొరలో చేసే రంధ్రాలు). 24 గంటలకు సున్నా.

రెండోది యాంటిజెన్. హార్వెస్ట్‌లో మి.లీ.కి 1.6 మైక్రోగ్రాముల 146ఎస్ (విరగని పూర్తి వైరస్ కణం) ఉంటే, ఇనాక్టివేషన్ తర్వాత 0.9 మాత్రమే చేతికొస్తోంది. డబుల్ ఆయిల్ ఎమల్షన్ చేసి దూడలకు వేస్తే 28వ రోజు న్యూట్రలైజేషన్ టైటర్లు తక్కువగా ఉంటున్నాయి.

అడగదలచినవి రెండు. 24 గంటలకు సున్నా వస్తోంది కాబట్టి ఆ తోకను పక్కన పెట్టవచ్చా? యాంటిజెన్ నష్టాన్ని డోస్‌లో ఎక్కువ పోసి సరిచేయవచ్చా?

బయోరియాక్టర్_గది:

తోకను పక్కన పెట్టకూడదండీ. మిగతా పనులన్నీ ఆపి ముందు దాని సంగతి తేల్చాలి.

లెక్క చూడండి. ప్రపంచ పశు ఆరోగ్య సంస్థ మాన్యువల్ అడిగేది, ఇనాక్టివేషన్ ముగిసేసరికి 10,000 లీటర్లకు ఒక్క సజీవ కణం కన్నా తక్కువ మిగలాలని. అంటే మి.లీ.కి 10⁻⁷. మీ 10⁸ నుంచి అక్కడికి 15 లాగ్‌లు దిగాలి. గంటకు ఒక లాగ్ చివరిదాకా నిలిస్తే 15 గంటల్లో అయిపోతుంది. కానీ మీ గీత 6 నుంచి 8 గంటల మధ్య 100 నుంచి 40 కి దిగింది, అంటే గంటకు 0.2 లాగ్. ఆ వాలుతోనే పోతే 24వ గంటకు మి.లీ.కి 0.025. ఒక మి.లీ. శాంపిల్ ప్లేట్ మీద పోస్తే సున్నా కనిపించడం దాదాపు ఖాయం. అదే సమయంలో మీ 20 లీటర్ల ట్యాంకులో 500 సజీవ కణాలు ఉంటాయి. వెయ్యి లీటర్ల ట్యాంకు అయితే 25,000. మీరు చూసిన సున్నాకు అర్థం శాంపిల్ చిన్నదని, ట్యాంకు శుభ్రమని కాదు. అందుకే మాన్యువల్ కనీసం గ్రాఫ్ చివరి భాగమైనా సరళరేఖగా ఉండాలని పట్టుబడుతుంది. కంటికి కనిపించే 7, 8 లాగ్‌ల గీతను పట్టుకునే కనిపించని మిగతా 7 లాగ్‌లకు హామీ ఇస్తున్నాం. ఆ గీతే వంగితే హామీ ఇవ్వడానికి ఏమీ మిగలదు.

ఫార్మాలిన్‌ను గాలికుంటు టీకాల్లో పక్కన పెట్టడానికి కారణం ఇదే. అది క్యాప్సిడ్ (వైరస్ పెంకు) ప్రొటీన్లను ఒకదానికొకటి అతికిస్తుంది, ఆ అతుకులే తర్వాత లోపలికి వెళ్లాల్సిన ఫార్మాల్డిహైడ్‌కు అడ్డం పడతాయి. గ్రాఫ్ తోక వేస్తుంది. 1980ల్లో పశ్చిమ యూరప్‌లో వచ్చిన కొన్ని వ్యాప్తులను సరిగా చావని వైరస్ ఉన్న టీకాలతో ముడిపెట్టారు. బీఈఐ ప్రధానంగా ఆర్ఎన్ఏ మీద పనిచేస్తుంది, పెంకు జోలికి పెద్దగా పోదు. దానికి సహజంగా తోక రాదు. బీఈఐతో తోక వస్తోందంటే వైరస్‌కు ఎక్కడో దాక్కునే చోటు దొరికింది, లేదా బీఈఐ చాలడం లేదు, లేదా కొలతలోనే తప్పుంది.

మూడింటినీ విడదీయడానికి ఒక తేలికైన పరీక్ష. బీఈఐ కలిపి బాగా తిప్పిన వెంటనే ట్యాంకు నుంచి 100 మి.లీ. తీసి గాజు సీసాలో పోసి, అదే 26 డిగ్రీల్లో మాగ్నెటిక్ స్టిరర్ మీద పెట్టండి. రెండింటి నుంచీ గంటగంటకూ శాంపిల్ తీయండి. సీసా గీత నిటారుగా ఉండి ట్యాంకు గీత వంగితే తప్పు ట్యాంకుది: మూత లోపలి వైపు అంటిన తుంపర, నురుగు, శాంపిల్ వాల్వ్ వెనక నిలిచిన ద్రవం, ప్రోబ్ చుట్టూ ఉన్న రబ్బరు వాషర్. రెండూ వంగితే తప్పు ద్రవంలో ఉంది. అప్పుడు ముందు అనుమానించాల్సింది కణాల చెత్త. సెల్ ముక్కల్లో గుంపుగా ఇరుక్కున్న వైరస్‌కు బీఈఐ ఆలస్యంగా అందుతుంది. హార్వెస్ట్‌ను సెంట్రిఫ్యూజ్ చేసి, 0.45, 0.22 మైక్రాన్ల ఫిల్టర్ దాటించాకే బీఈఐ కలపాలి. వైరస్ 30 నానోమీటర్ల లోపే కాబట్టి దానికి ఆ రంధ్రాలు అడ్డం కావు.

తోకలో బతికిన వైరస్‌ను చూసి మొండి మ్యూటెంట్ వచ్చిందని భయపడేవాళ్లున్నారు. ఆ ప్లాక్ వైరస్‌ను మళ్లీ పెంచి, ఫిల్టర్ చేసి, బీఈఐకి గురిచేయండి. పాత వేగంతోనే చచ్చిందంటే అది మొండిది కాదు, మొదటిసారి దాక్కుని తప్పించుకుంది, అంతే.

ట్యాంకు విషయంలో చేయాల్సింది, మాన్యువల్ కూడా చెప్పేది: బీఈఐ కలిపిన కొద్దిసేపటికే మొత్తం ద్రవాన్ని రెండో స్టెరైల్ ట్యాంకులోకి మార్చి అక్కడ పూర్తి చేయడం. బీఈఐ తగలని చుక్కలు మొదటి ట్యాంకు గోడలకే ఉండిపోతాయి. 20 లీటర్ల స్థాయిలో ఇది అనవసర శ్రమ అనిపిస్తుంది గానీ, నా దృష్టిలో ఒక్క అడుగూ వదలకూడని చోటు ఇదే.

ఇక బీఈఐ. మీరు ఎలా తయారుచేస్తున్నారో రాయలేదు. బ్రోమోఇథైలమీన్ హైడ్రోబ్రోమైడ్‌ను 0.2 నార్మల్ సోడియం హైడ్రాక్సైడ్‌లో 0.1 మోలార్‌గా (లీటరుకు 20.5 గ్రాములు) కరిగించి, 37 డిగ్రీల్లో గంట ఉంచాలి. బీటా నాఫ్తాల్ వయొలెట్ కొద్దిగా వేస్తే ఊదా రంగు నారింజకు మారుతుంది. రంగు మారకపోతే రింగు ఏర్పడలేదు, అందులో ఉన్నది బీఈఐ కాదు. తేమ పీల్చి ముద్దకట్టిన పాత బాటిల్ పొడి అయితే బరువు సరిగ్గా తూచినా తక్కువే పడుతుంది. ఏ రోజుది ఆ రోజే చేసుకోవాలి. ఇది జన్యు పదార్థాన్ని దెబ్బతీసే మందు, మన జన్యు పదార్థాన్ని కూడా వదలదు. ఫ్యూమ్ హుడ్, రెండు జతల గ్లవ్స్ తప్పనిసరి, ఒలికితే వెంటనే థయోసల్ఫేట్ పోయాలి.

ఇంకొకటి చెప్పండి: శాంపిల్‌లో బీఈఐని ఎప్పుడు ఆపుతున్నారు?

గ్రేడియెంట్_254:

నేను 146ఎస్ గురించి మాత్రం రాస్తాను.

డోస్‌లో ఎక్కువ పోస్తే సరిపోదు. మిగిలిన 0.9 తో పాటు విరిగిన 0.7 కూడా సూదిలో వెళుతుంది. 146ఎస్ అంటే అతుకు విడని మొత్తం కణం. అది 12 పెంటమర్లుగా (పెంకు ముక్కలుగా) విడిపోతే వచ్చేది 12ఎస్. మొత్తం కణం ఇచ్చే రక్షణలో 12ఎస్ ఇచ్చేది చాలా తక్కువ, ప్రొటీన్ బరువు మాత్రం అంతే. అందుకే మొత్తం ప్రొటీన్ కొలిచి డోస్ వేసేవారు ఎప్పుడూ మోసపోతారు.

పెంటమర్ల మధ్య అతుకు దగ్గర హిస్టిడిన్‌లు (ఒక అమైనో ఆమ్లం) ఉంటాయి. పీహెచ్ 7 కిందకు జారగానే వాటికి ధన ఆవేశం వచ్చి ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి, కణం విడిపోతుంది. 'ఓ' సీరోటైప్, శాట్ సీరోటైప్‌లు ఈ విషయంలో మరీ సున్నితం, 'ఏ' సీరోటైప్ కాస్త గట్టిది. మీరు పీహెచ్ ఎంతో రాయలేదు. సెల్స్ పగిలిన హార్వెస్ట్‌లో లాక్టిక్ ఆమ్లం ఉంటుంది, చల్లారేలోపు పీహెచ్ ఇంకా దిగుతుంది. హార్వెస్ట్ చేసిన నిమిషాల్లో 7.6 నుంచి 8.0 మధ్యకు తేవాలి, బీఈఐ వేశాక ప్రతి శాంపిల్‌తోనూ పీహెచ్ రాసుకోవాలి. సరిదిద్దేటప్పుడు క్షారాన్ని ఒకేచోట గుమ్మరించకండి, తిప్పుతూ సన్నధారగా పోయాలి. వేడి గురించి: 37 డిగ్రీలకు పెంచితే వైరస్ త్వరగా చస్తుంది, యాంటిజెన్ కూడా త్వరగా విరుగుతుంది. 26 దగ్గర ఉండటమే మంచిది.

కొలతలో కూడా నష్టం దాగి ఉండొచ్చు. ఇనాక్టివేషన్ తర్వాతి శాంపిళ్లను గ్రేడియెంట్ (146ఎస్‌ను సెంట్రిఫ్యూజ్‌లో వేరుచేసి కొలిచే ద్రవ పొరలు) మీద వేసేదాకా ఫ్రీజర్లో పెడుతున్నారా? సోడియం ఫాస్ఫేట్ బఫర్ మెల్లగా గడ్డకట్టేటప్పుడు డైసోడియం ఫాస్ఫేట్ ముందుగా స్ఫటికమై బయటపడుతుంది, మిగిలిన ద్రవం పీహెచ్ ఆమ్లం వైపు పడిపోతుంది. పీబీఎస్‌లో (అలాంటి ఫాస్ఫేట్ బఫర్) మైనస్ 20 లో పెట్టిన 'ఓ' సీరోటైప్ శాంపిల్ కరిగేసరికి అందులో ఎక్కువ భాగం 12ఎస్ అయి ఉంటుంది. 4 డిగ్రీల్లో ఉంచి ఒకటి రెండు రోజుల్లోనే నడపండి. దీర్ఘకాలం నిల్వ చేయాలంటే సాంద్రీకరించిన యాంటిజెన్‌ను ద్రవ నైట్రోజన్ మీదే పెట్టాలి. టీకా బ్యాంకులు చేసేది అదే.

థయోమెర్సాల్ వాడుతున్నారా? నిల్వకు వేసే ఆ మందే 146ఎస్‌ను 12ఎస్‌గా విడగొడుతుంది. ప్రయోగాల్లో స్పష్టంగా చూపిన విషయం ఇది. అయినా ఇప్పటికీ అలవాటు కొద్దీ వేసేవారున్నారు, చూస్తే బాధేస్తుంది.

చివరగా ఒక మాట. గ్రేడియెంట్‌లో 146ఎస్ శిఖరం నిండుగా ఉన్నా రక్షణ తక్కువగా రావచ్చు. పగిలిన సెల్స్ నుంచి వచ్చే ప్రొటియేజులు (ప్రొటీన్లను కోసే ఎంజైములు) పెంకు ప్రొటీన్ వీపీ1 మీద బయటికి పొడుచుకొచ్చిన ఉచ్చును (లూప్‌ను) కోసేస్తాయి. ఆ ఉచ్చే యాంటీబాడీలకు ముఖ్యమైన గుర్తు, ఓ సీరోటైప్‌లో మరీ ముఖ్యం. కణం మాత్రం విరగదు, 146ఎస్‌గానే తేలుతుంది. ఎస్‌డీఎస్ జెల్ (ప్రొటీన్లను సైజు ప్రకారం విడదీసేది) నడిపి వీపీ1 పట్టీ ఒక్కటిగా ఉందో, ముక్కలైందో చూడండి. ముక్కలైతే హార్వెస్ట్ ఆలస్యంగా చేస్తున్నారని అర్థం: సెల్స్ అన్నీ చచ్చేదాకా ఆగి, పగిలిన ద్రవాన్ని వెచ్చగా ఉంచుతున్నారు.

వెట్‌మైక్రో_పీజీ:

చాలా థ్యాంక్స్. అడిగినవాటికి జవాబులు. శాంపిళ్లను ఐస్‌లో ఉంచి మధ్యాహ్నం ఒకేసారి థయోసల్ఫేట్ కలుపుతున్నాం, 7, 8 గంటల శాంపిళ్లు మాత్రం నేరుగా ల్యాబ్‌కు వెళ్తాయి. 146ఎస్ శాంపిళ్లు పీబీఎస్‌లో మైనస్ 20 లోనే, వారానికోసారి సెంట్రిఫ్యూజ్ దొరికినప్పుడు నడుపుతాం. పీహెచ్ మొదట 7.6, 24 గంటల తర్వాత కొలవలేదు. తుది టీకాలో థయోమెర్సాల్ ఉంది. బీఈఐ రంగు నారింజకు మారుతోంది.

బయోరియాక్టర్_గది:

అయితే మీ తోకలో కొంత భాగం ఐస్ పెట్టెలో తయారైందే. ఐస్‌లో బీఈఐ మెల్లగా పనిచేస్తుంది గానీ ఆగిపోదు. 1వ గంట శాంపిల్ నాలుగైదు గంటలు అలా ఉంటే దాని టైటర్ అసలు కన్నా తక్కువ వస్తుంది. 8వ గంటది నేరుగా ఆగిపోతుంది కాబట్టి ఉన్నది ఉన్నట్టు వస్తుంది. మొదటి బిందువులు కిందకు, చివరివి తమ చోట. గీత చివర్లో వంగినట్టు కనిపిస్తుంది. తోక మొత్తానికి ఇదే కారణమని మాత్రం అనుకోవద్దు. సీసా పరీక్ష చేసి తీరాలి.

శాంపిల్ ట్యూబుల్లో ముందే చల్లటి 1 మోలార్ స్టెరైల్ సోడియం థయోసల్ఫేట్ పోసి పెట్టుకోండి, 10 మి.లీ. శాంపిల్‌కు 0.2 మి.లీ. శాంపిల్ పడిన క్షణానే బీఈఐ ఆగాలి. వాల్వ్‌లో నిలిచిన ద్రవాన్ని ముందు వేరే సీసాలోకి వదిలి, తర్వాతే శాంపిల్ పట్టాలి. ప్లేట్ల మీద బీఈఐ వేసి థయోసల్ఫేట్‌తో ఆపిన, వైరస్ లేని వట్టి మీడియంతో ఒక కంట్రోల్ పెట్టండి. అది లేకపోతే బీఈఐ విషం వల్ల ఊడిన సెల్స్‌ను వైరస్ పనిగా లెక్కేస్తారు.

గీత సరిదిద్దుకున్నాక కూడా ప్రతి బ్యాచ్‌కూ సజీవ వైరస్ లేదని వేరుగా చూడాలి. కనీసం 200 డోసులకు సమానమైన యాంటిజెన్‌ను సున్నితమైన సెల్స్ మీద పోసి, ఆ ద్రవాన్ని మళ్లీ కొత్త సెల్స్ మీదకు మార్చి చూస్తారు. ఆయిల్ కలపకముందే చేయాలి, కలిపాక సెల్స్ తట్టుకోవు.

ఎమల్షన్_బెంచ్:

ఎమల్షన్ వైపు నుంచి కొంత. నీరు-నూనె-నీరు రకం అడ్జువెంట్ (టీకా స్పందనను పెంచే పదార్థం, మాంటనైడ్ ఐఎస్ఏ 206 లాంటిది) వాడుతున్నారనుకుంటున్నాను. దానికి నూనె, యాంటిజెన్ రెండూ 30 డిగ్రీల దగ్గర ఉండాలి. ఫ్రిజ్ నుంచి తీసిన చల్లటి యాంటిజెన్‌ను పోస్తే ఎమల్షన్ తెల్లగా, చూడటానికి బాగానే వస్తుంది, లోపల మాత్రం డబుల్ ఏర్పడదు. ఒక గ్లాసు చల్లటి నీళ్లలో చుక్క వేసి చూడండి. బయటి పొర నీరైతే పాలలా పరుచుకుంటుంది. బయటి పొర నూనె అయితే ముత్యంలా పైన తేలుతుంది. విద్యుత్ వాహకత మీటరు ఉంటే ఇంకా నమ్మకం. నూనె బయట ఉంటే వాహకత దాదాపు ఉండదు.

పూర్తయిన టీకా ఒక్కసారి గడ్డకట్టినా పారేయాల్సిందే. కరిగాక ఊపితే మళ్లీ తెల్లగా కనిపిస్తుంది కదా అని వాడకూడదు.

థయోమెర్సాల్‌ను ముందు ఆపండి. ఆ ఒక్క మార్పుతో ఒక బ్యాచ్, పాత పద్ధతిలో మరొక బ్యాచ్ చేసి 4 డిగ్రీల్లో నెల ఉంచి, ఎమల్షన్‌ను బెంజైల్ ఆల్కహాల్‌తో విరగ్గొట్టి 146ఎస్ కొలవండి. తేడా మీకే కనిపిస్తుంది.

చాలెంజ్_15:

దూడల టైటర్లు తక్కువన్నారు, దానికి రెండు మాటలు. దూడలు కనీసం 6 నెలలవై, టీకాకు ముందు యాంటీబాడీలు లేనివై ఉండాలి. తల్లి పాల నుంచి వచ్చిన యాంటీబాడీలు టీకా పనిని అణచేస్తాయి. ఆ సంగతి చూడకుండా అడ్జువెంట్‌ను తప్పుపట్టడం చాలా చోట్ల జరుగుతుంది. రెండోది, న్యూట్రలైజేషన్‌లో మీరు వాడే వైరస్ టీకా స్ట్రెయినేనా? ఫీల్డ్ వైరస్‌తో కొలుస్తుంటే తక్కువ టైటర్ టీకా బలహీనతను చూపకపోవచ్చు, స్ట్రెయిన్ పొందికను చూపుతుండవచ్చు. అదే సీరంను రెండు వైరస్‌లతోనూ నడిపి, ఫీల్డ్ వైరస్ టైటర్‌ను టీకా వైరస్ టైటర్‌తో భాగిస్తే ఆర్1 విలువ వస్తుంది. 0.3, ఆ పైన ఉంటే పొందిక ఉన్నట్టు. ఓ, ఏ, సీ, ఏషియా 1, మూడు శాట్‌లు, ఈ ఏడింటిలో ఒకదాని టీకా మరొకదాన్ని ఆపదు. ఒకే సీరోటైప్ లోపల కూడా, ముఖ్యంగా ఏ లో, తేడాలు పెద్దవి.

అసలు తీర్పు పీడీ50 (సగం పశువులను కాపాడే డోస్) పరీక్షలో వస్తుంది. ఐదేసి పశువుల మూడు గుంపులు: పూర్తి డోస్, నాలుగో వంతు, పదో వంతు. 2 మి.లీ. డోస్ అయితే 2, 0.5, 0.2 మి.లీ. యాంటిజెన్‌ను పలుచన చేయకూడదు, తయారైన టీకానే తక్కువ పరిమాణంలో ఇవ్వాలి. పలుచన చేస్తే ఎమల్షన్ మారిపోతుంది. టీకా వేయని రెండు కంట్రోల్ పశువులు. మూడు నుంచి నాలుగు వారాలకు నాలుక మీద రెండు చోట్ల 10,000 బీఐడీ50 (సగం పశువులకు రోగం సోకించే మోతాదు) వైరస్ ఎక్కించి 8 రోజులు చూస్తారు. నాలుక మీద పుండు లెక్కలోకి రాదు, వైరస్ ఎక్కించింది అక్కడే కదా. గిట్టల దగ్గర పుండు వస్తేనే రక్షణ లేనట్టు. కంట్రోల్ రెండింటికీ గిట్టల్లో పుండ్లు రాకపోతే పరీక్ష చెల్లదు. మామూలు టీకాకు 3 పీడీ50, అత్యవసరానికి వాడేదానికి 6 అడుగుతారు.

మీరు ఇంకా ఆ దశకు రాలేదు. సజీవ వైరస్‌తో అన్ని పశువులను బాధపెట్టే పరీక్ష కాబట్టి, 146ఎస్ నష్టం ఆగి, సీరం టైటర్లు మూడు బ్యాచ్‌ల్లో వరుసగా నిలబడ్డాకే దాని జోలికి వెళ్లండి.

గ్రేడియెంట్_254:

ఇంకో విషయం కలుపుతాను, ఎవరూ అడగలేదు గానీ ఇప్పుడే చూసుకుంటే తర్వాత కష్టం తప్పుతుంది. హార్వెస్ట్‌లో వైరస్‌తో పాటు నాన్-స్ట్రక్చరల్ ప్రొటీన్లు (వైరస్ పెరిగేటప్పుడు తయారయ్యే, పెంకులో భాగం కానివి) కూడా ఉంటాయి. అవి టీకాలో మిగిలితే, టీకా వేసిన పశువు కూడా 3ఏబీసీ ఎలైజాలో (ఆ ప్రొటీన్లకు యాంటీబాడీలను వెతికే పరీక్ష) పాజిటివ్ వస్తుంది. అప్పుడు రోగం సోకిన పశువును, టీకా పశువును వేరు చేయలేం. పీఈజీ 6000 తో అవక్షేపిస్తే 146ఎస్ అడుగున చేరుతుంది, ఈ ప్రొటీన్లలో చాలా భాగం పైద్రవంలో పోతుంది. అవక్షేపాన్ని తిరిగి కరిగించేటప్పుడు కూడా ట్రిస్ బఫర్, పీహెచ్ 7.6 కి పైన. ఒక్క డోస్ వేసి నెగెటివ్ వచ్చిందని ఆగకండి. అవే పశువులకు మూడుసార్లు వేసి చూడాలి. కొద్దిగా మిగిలిన ప్రొటీన్ మూడో డోస్‌కే బయటపడుతుంది.

వెట్‌మైక్రో_పీజీ:

ముందు ట్యాంకు-సీసా పోలిక, ముందే థయోసల్ఫేట్ పోసిన ట్యూబులతో. 146ఎస్ శాంపిళ్లు ఇకపై ట్రిస్‌లో, 4 డిగ్రీల్లో. థయోమెర్సాల్ ఆపేస్తున్నాం. సీసా గీత కూడా వంగితే ఫిల్టర్ 0.22 దాకా తీసుకెళ్తాం, ఇప్పటిదాకా 0.45 తోనే ఆపుతున్నాం. రెండు గ్రాఫ్‌లూ ఒకే కాగితం మీద గీసి ఇక్కడ పెడతాను.

బయోరియాక్టర్_గది:

పెట్టండి. గ్రాఫ్ మీద ప్రతి బిందువు పక్కన శాంపిల్ తీసిన నిమిషం, పీహెచ్, ఆ క్షణం ట్యాంకు ఉష్ణోగ్రత కూడా రాయండి. ఆ గీత చెప్పేది ఏమిటో తేలేదాకా ఇప్పుడున్న బ్యాచ్‌ల నుంచి ఒక్క మి.లీ. కూడా కంటెయిన్‌మెంట్ దాటి బయటికి వెళ్లకూడదు, పశువుల షెడ్డుకు కూడా.